జాజ్ రికార్డులు వినడం, సేకరించడం, రేడియోలో వినిపించడం: అనంతపురంలో ఉండి మొదలుపెట్టేవాళ్ల కోసం

ఏడాదిగా ఇదే ప్రశ్న వస్తోంది. “అన్నా, జాజ్ ప్లేట్లు యాడ దొరుకుతాయి? ఏ ప్లేయర్ కొనాల? రేడియోలో ప్రోగ్రాం చేయాలంటే ఎవర్ని అడగాల?” ఫోన్లో ఒకరికి ఒక ముక్క చెప్పి రెండో ముక్క మర్చిపోతున్నాను, వాళ్లేమో సూది పాడు చేసుకున్నాక మళ్లీ ఫోన్ చేస్తున్నారు. అందుకే మొత్తం ఒకచోట, చేయాల్సిన వరసలో రాస్తున్నాను.

వరస మాత్రం మార్చకండి. చాలామంది ముందు ప్లేయర్ కొంటారు, తర్వాత చేతికందిన ప్లేట్లన్నీ కొంటారు, వినడం తర్వాత నేర్చుకోవచ్చులే అనుకుంటారు. ఆరు నెలలకు డబ్బూ ఓపికా రెండూ అయిపోతాయి. ముందు చెవి, తర్వాత యంత్రం, ఆ తర్వాత ప్లేట్లు, అన్నిటికన్నా చివర మైకు.

1. మొదటి నెల: ఫోను, ఇయర్‌ఫోన్లు, మూడు పాటలు

నెల రోజుల పాటు రూపాయి ఖర్చు పెట్టకండి. మూడే మూడు రికార్డింగులు ఎంచుకోండి. నేను అందరికీ చెప్పేవి ఇవి: ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 1959 నాటి ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’లోని ‘ఫ్రెడీ ఫ్రీలోడర్’, ‘సో వాట్’, అదే ఏడాది డేవ్ బ్రూబెక్ బృందం వాయించిన ‘టేక్ ఫైవ్’. మూడూ మూడు రకాల లెక్కలు నేర్పుతాయి.

1.1 వేళ్ల కణుపుల మీద బ్లూస్

‘ఫ్రెడీ ఫ్రీలోడర్’ పన్నెండు గడుల బ్లూస్. ఒక్కో గడికి, అంటే ఒక్కో బార్‌కి, నాలుగు దెబ్బలు. మనకు నాలుగు వేళ్లకు మూడేసి కణుపులున్నాయి కదా, బొటనవేలితో పై కణుపులు నాలుగూ ఒక వరస, మధ్య కణుపులు నాలుగూ రెండో వరస, కింది కణుపులు మూడో వరస. నాలుగు దెబ్బలు పడగానే ఒక కణుపు జరగండి. రెండో వరసలో కాలు పెట్టగానే కింద పియానో, బేస్ వేరే చోటికి కదలడం వినిపిస్తుంది. ఆ వరస సగంలో మొదలైన చోటికి, అంటే ఇంటికి, తిరిగొస్తాయి. మూడో వరసలో మళ్లీ బయటికి పోయి, కొత్త కోరస్ మొదటి కణుపుకు ఇంటికి చేరతాయి. చివరి కణుపు అయిపోయి మొదటి కణుపుకు వచ్చారంటే ఒక కోరస్ పూర్తయినట్టు, మన ఆవర్తనంలాగా.

మొదటిసారి మూడో కోరస్‌కల్లా లెక్క తప్పుతుంది. తప్పితే పాట ఆపకండి, కొత్త కోరస్‌కు మళ్లీ ఇంటికి వచ్చిన చప్పుడు వినిపించేదాకా ఆగి అక్కడి నుంచి అందుకోండి. వారం రోజుల్లో కణుపులు వాటంతటవే జరుగుతాయి.

1.2 ఖరహరప్రియ తెలిసినవాళ్లకు ‘సో వాట్’

ఇది ముప్పై రెండు గడులు, ఎనిమిదేసి చొప్పున నాలుగు భాగాలు. మొదటి రెండు ఒకే రకం, మూడోది వేరు, నాలుగోది మళ్లీ మొదటి రకమే. ఇందులోని డోరియన్ అనే పాశ్చాత్య స్వరవరస స్థానాలు మన ఖరహరప్రియవే. మొదటి రెండు భాగాలు రెండు శ్రుతిలో ఉంటే, మూడో భాగం మొత్తంగా అరమెట్టు పైకి, రెండున్నరకు ఎక్కి, నాలుగో భాగంలో దిగుతుంది. ఆ ఎక్కడం చెవికి పట్టుబడిన రోజు మీకు జాజ్ మొదటి తలుపు తెరుచుకున్నట్టే.

స్వరస్థానాలు ఒకటే కదా అని రాగం మాత్రం వెతకకండి. గమకం, సంచారం, జీవస్వరం అనే లెక్క అక్కడ లేదు. ఇక్కడ అడుగున నేల కదులుతుంటే పైన పాట దానికి తగ్గట్టు అడుగు వేస్తుంది.

1.3 ఐదు లెక్క

‘టేక్ ఫైవ్’ మూడూ రెండూ కలిపి ఐదు. మన ఖండ చాపు రెండూ మూడు. చేత్తో ఖండ చాపు వేస్తూ వింటే మొదట్లో ఎక్కడో పట్టేసినట్టుంటుంది, తిరగేసి మూడు-రెండుగా వేయండి, పియానో చేతికి సరిగ్గా అతుక్కుంటుంది.

1.4 ఒకే పాట, ఐదు సార్లు

ఒక సాయంత్రం ఒకే పాట ఐదు సార్లు వినండి. మొదటిసారి బేస్ ఒక్కటే. రెండోసారి డ్రమ్స్‌లో ఆగకుండా మోగే పెద్ద సింబల్. మూడోసారి సోలో (ఒక్కరే ముందుకొచ్చి వాయించేది) వెనకాల పియానో ఏం చేస్తోందో. నాలుగోసారి సోలో. ఐదోసారి అన్నీ కలిపి. వంట చేస్తూ, బండి నడుపుతూ విన్నది ఈ లెక్కలోకి రాదు.

నెల దాటాక 1928లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ చేసిన ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ వినండి. కణుపుల లెక్క అక్కడా పనిచేస్తుంది, కాకపోతే మొదట్లో ట్రంపెట్ ఒంటరిగా వాయించేదాన్ని లెక్కలో పెట్టకండి, బృందం అందుకున్నాక మొదలుపెట్టండి.

2. యంత్రం పెట్టుకోవడం

కావాల్సినవి నాలుగు: టర్న్‌టేబుల్, దానికి కార్ట్‌రిడ్జ్ (సూది ఉండే భాగం), ఫోనో ప్రీయాంప్, స్పీకర్లు. సూట్‌కేసులాంటి చవక ప్లేయర్ వద్దు. చాలావాటిలో సూది 5 గ్రాముల దాకా బరువుతో ప్లేటు మీద కూర్చుంటుంది, మంచి కార్ట్‌రిడ్జ్‌కు సాధారణంగా 1.5 నుంచి 2.5 గ్రాములు చాలు.

వరసగా చేయండి:

☐ మేస్త్రీలు వాడే రసమట్టం టర్న్‌టేబుల్ మీద పెట్టి రెండు దిక్కులా మట్టం చూడండి.
☐ స్పీకర్లు అదే బల్ల మీద ఉండకూడదు. ఉంటే ఆ అదురు సూదిలోకి పోయి గుయ్యిమంటుంది.
☐ సూది బరువును 0.01 గ్రాము చూపే చిన్న డిజిటల్ తూకంతో కొలవండి. కార్ట్‌రిడ్జ్ కాగితంలో రాసిన అంకె పెట్టండి. తక్కువ బరువు పెడితే ప్లేటుకు మంచిదనుకుంటారు, కానీ సూది గాడిలో నిలవక ఎగిరెగిరి పడుతుంది, దానివల్లే ఎక్కువ నష్టం.
☐ యాంటీ స్కేట్ (సూది చేయి లోపలికి లాగకుండా ఆపే మీట) అంకె కూడా అంతే పెట్టండి.
☐ ఎర్త్ తీగ ప్రీయాంప్‌కు బిగించండి. ‘బుయ్’మనే హమ్ వస్తే ముందు చూడాల్సింది దీన్నే.

2.1 శబ్దం పలచగా, దూరంగా వస్తే

ఫోనో ప్రీయాంప్ లేకుండా నేరుగా యాంప్లిఫయర్ ఆక్స్ రంధ్రంలో పెట్టి ఉంటారు. రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి, పై శబ్దాలు పెంచి కోస్తారు. ప్రీయాంప్ దాన్ని తిరగేసి సరిచేస్తుంది. ఆర్‌ఐఏఏ అని రాసి ఉండే లెక్క ఇదే, 1954 నుంచి ఉంది. అంతకు ముందు ప్లేట్లకు ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క, వాటికి ట్రెబుల్, బేస్ చెవితోనే సర్దుకోవాలి.

2.2 వేగం

ఎల్‌పీ, అంటే పెద్ద వినైల్ ప్లేటు, నిమిషానికి 33⅓ చుట్లు తిరగాలి, అంటే మూడు నిమిషాలకు సరిగ్గా 100 చుట్లు. ప్లేటు అంచున చిన్న కాగితం ముక్క అంటించి, ఫోన్లో టైమర్ పెట్టి లెక్కపెట్టండి. ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష ఇంట్లో లేదు. చారల స్ట్రోబ్ కాగితం వాడేటట్టయితే మన 50 హెర్ట్జ్ కరెంటుకు 33⅓ కోసం 180 చారలు, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క ప్లేట్ల కోసం 77 చారలు ఉండాలి, వేగం సరిగ్గా ఉంటే చారలు నిలిచినట్టు కనిపిస్తాయి. దాన్ని పాత ఫిలమెంట్ బల్బు కింద చూడండి, చాలా ఎల్‌ఈడీ బల్బుల కింద చారలు నిలిచినట్టు కనిపించవు.

అమెరికా నుంచి బంధువులు తెచ్చే పాత టర్న్‌టేబుళ్లతో ఒక చిక్కుంది. వాటి మోటారు నేరుగా కరెంటు ఫ్రీక్వెన్సీ మీద నడిచే రకమైతే, అక్కడి 60 హెర్ట్జ్‌కు చేసిన పుల్లీ ఇక్కడ ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది. వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా వేగం మారదు, 50 హెర్ట్జ్ పుల్లీ వేయాల్సిందే.

2.3 78 ప్లేట్లకు వేరే సూది

ఎల్‌పీ సూదితో 78 వేయకండి. 78 గాడి వెడల్పు, దానికి 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) సూది కావాలి, ఎల్‌పీకి 0.7 మిల్ చుట్టుపక్కల. సన్న సూది వెడల్పు గాడి అడుగున గీసుకుంటూ పోయి ఉత్త బరబర వినిపిస్తుంది. ఆ చప్పుడు విని మంచి ప్లేటును అరిగిపోయిందని పారేసినవాళ్లు నాకు తెలుసు, తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

2.4 శ్రుతితో వేగం పట్టుకోవడం

78 అని రాసి ఉన్నా పాత ప్లేట్లన్నీ సరిగ్గా 78లో రికార్డు చేసినవి కావు, ముఖ్యంగా 1925కు ముందువి. జాజ్‌లో ట్రంపెట్, శాక్సొఫోన్ వాళ్లకు వీలైన శ్రుతులు ఆరున్నర, రెండున్నర, నాలుగు. ఫోన్లో శ్రుతి పెట్టె ఆన్ చేసి పోల్చండి. పాట ఏడు శ్రుతిలోనో మూడు శ్రుతిలోనో పలుకుతుంటే వేగం మీద అనుమానపడాలి. అర శ్రుతి తేడా అంటే వేగంలో దాదాపు 6 శాతం.

‘కైండ్ ఆఫ్ బ్లూ’ దగ్గర మాత్రం కంగారుపడకండి. మొదటి వైపు రికార్డు చేసిన టేపు యంత్రం కొంచెం నెమ్మదిగా నడవడంతో పాత ముద్రణల్లో ఆ వైపున్న మూడు పాటలూ కాస్త హెచ్చు శ్రుతిలో వినిపిస్తాయి. 1990ల నుంచి సరిచేసిన ముద్రణలు వస్తున్నాయి. పాత ఎల్‌పీకీ ఫోన్లో విన్నదానికీ తేడా ఉంటే తప్పు మీ టర్న్‌టేబుల్‌ది కాకపోవచ్చు.

3. ప్లేట్లు కొనడం

మొదటి ఏడాది పది ప్లేట్లు చాలు.

అనంతపురంలో షాపుకు పోయి జాజ్ అడిగితే దొరకదు. గుజరీ షాపుల్లో “అన్నా, ఇంగ్లీషు ప్లేట్లు ఏమన్నా వచ్చినాయా?” అని అడిగి ఫోన్ నంబరు ఇచ్చి రావాలి, నెలకోసారి గుర్తు చేయాలి. నాకు మొదటి పద్నాలుగు ప్లేట్లు గుంతకల్లులో ఒక రైల్వే కుటుంబం ఇల్లు ఖాళీ చేస్తుంటే దొరికాయి. రైల్వే ఊళ్లలో పాత కుటుంబాల ఇళ్లలో డాన్సు పాటల ప్లేట్ల మధ్య డ్యూక్ ఎల్లింగ్టనో ఆర్మ్‌స్ట్రాంగో ఉండే అవకాశం ఎక్కువ. బెంగళూరులో చిక్కపేట వైపు ఆదివారం సంత, ముంబయి చోర్ బజార్ తర్వాతి మెట్లు. ఆదివారం సంతకు తెల్లారేసరికే ఉండాలి, ఎండ ఎక్కాక కింద పరిచిన ప్లేట్లు వంగిపోతుంటాయి.

3.1 చేతిలో పట్టుకుని చూడాల్సినవి

☐ వెలుతురుకు ఏటవాలుగా పట్టండి. సన్నటి గీతలు పర్వాలేదు. గోరుకు తగిలే గీత ఉంటే వదిలేయండి.
☐ కంటి ఎత్తులో అంచు చూడండి, వంపు తెలుస్తుంది.
☐ మధ్య రంధ్రం చుట్టూ లేబుల్ మీద సాలెగూడులా గీతలుంటే ఆ ప్లేటు చాలాసార్లు తిరిగింది.
☐ 78 అయితే వేలి మీద ఆనించి, కుండ కొనేటప్పుడు తట్టినట్టు అంచున మెల్లగా తట్టండి. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే ఎక్కడో పగులుంది.
☐ కవర్‌లో ఉన్నది అదే ప్లేటా? లేబుల్ చదవకుండా డబ్బివ్వకండి.
☐ చివరి గాడి తర్వాత నున్నటి చోట చెక్కిన అంకెలు రాసుకోండి. ఏ ముద్రణో చెప్పేవి అవే. బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ ప్లేట్లలో అక్కడ ఆర్‌వీజీ అక్షరాలుంటే అది రికార్డింగు ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ కోసిన మాస్టర్ (అచ్చులకు మూలం). చెవిలాంటి చిన్న ‘పి’ గుర్తు ఉంటే 1966కు ముందు ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీలో అచ్చయినది.

ఆన్‌లైన్లో కొనేటప్పుడు ‘నియర్ మింట్’ (దాదాపు కొత్తది) అన్న మాటను నమ్మి డబ్బు పంపకండి. ఒక అమ్మకందారు నుంచి అలా తెప్పించుకున్న ఎల్‌పీ పళ్లెంలా వంగి వచ్చింది, డబ్బు తిరిగి రాలేదు. ఏటవాలు వెలుతురులో తీసిన ఫొటో, అంచు ఫొటో, ప్లేటు తిరుగుతున్న నిమిషం వీడియో, మూడూ అడగండి. వీడియో పంపనంటే వదిలేయండి.

కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన భారతీయ ముద్రణలను చిన్నచూపు చూడకండి. వినడానికి మొదటి పది ప్లేట్లు అవే అయినా ఏ నష్టమూ లేదు, ధర కూడా అందుబాటులో ఉంటుంది.

4. కడగడం, దాచడం

మన దగ్గర గాలి పొడి. కవర్లకు బూజు తక్కువ పడుతుంది, అది అదృష్టం. దుమ్ము, స్టాటిక్ మాత్రం విపరీతం. ప్లేటు కవర్లోంచి తీయగానే చిటపటమని దుమ్మును లాక్కుంటుంది. ఆషాఢం గాలుల్లో కిటికీ తెరిచి ప్లేటు వేయకండి.

4.1 వినైల్ ప్లేటు

బోరు నీళ్లు అసలు వద్దు, ఉప్పు గాడిలో తెల్లగా పేరుకుంటుంది. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ కొనండి. లీటరుకు రెండు మూడు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంబడి గుండ్రంగా తుడవండి. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి. లేబుల్ తడవకూడదు. నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. తడి గుడ్డతో తుడిచాక స్టాటిక్ కూడా చాలావరకు దిగుతుంది.

4.2 78 ప్లేటు

స్పిరిట్, శానిటైజర్, ఆల్కహాల్ కలిసిన ఏ క్లీనరూ 78 మీద పడకూడదు. ఇవి చాలావరకు లక్కతో చేసినవి. వడ్రంగులు చెక్కకు కొట్టే లక్క పాలిష్‌ను కరిగించేది స్పిరిట్‌తోనే. ఇది తెలియక నేను ఒక మంచి ఎల్లింగ్టన్ ప్లేటును స్పిరిట్‌తో తుడిచాను, నిగనిగలాడే నలుపు ఒక్క తుడుపుకు బూడిద రంగుకు తిరిగింది. దాన్ని బాగుచేసే దారి లేదు. తడిపి పిండిన గుడ్డతో తుడిచి వెంటనే పొడి గుడ్డ వేయండి. నానబెట్టకండి, కొన్నిటి లోపల కాగితం పొర ఉంటుంది, నీళ్లు పోతే ఉబ్బుతుంది.

4.3 ఎండాకాలం

మే నెలలో మిద్దె కింద పైగది, పడమటి గోడకు ఆనించిన ఇనుప బీరువా, ఎండలో ఆపిన కారు, ఈ మూడూ ప్లేట్లకు శత్రువులు. 60 డిగ్రీల దగ్గర వినైల్ మెత్తబడుతుంది, మూసిన కారులో ఆ వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు. కింది అంతస్తు, తూర్పు లేదా ఉత్తరం గోడ. ప్లేట్లు నిటారుగా నిలబెట్టాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. కవర్లతో కలిపి వంద ఎల్‌పీలు పాతిక కిలోల దాకా తూగుతాయి, అల్మరా పలక దానికి తట్టుకోవాలి.

ప్లేటు తిరుగుతుండగా కరెంటు పోతే ముందు సూది పైకెత్తండి, తర్వాత కొవ్వొత్తి వెతుక్కోండి.

5. నోటుబుక్కు

ప్రతి ప్లేటుకూ ఒక పేజీ. లేబుల్, నంబరు, చెక్కిన అంకెలు, ఎక్కడ కొన్నారు, ఎంతకు, వాయించినవాళ్ల పేర్లు, ఏ పాట ఎన్ని నిమిషాలు. దాని కింద మీ చెవికి పట్టిన ఒక్క విషయం: “రెండో పాటలో బేస్ సోలో ముందు డ్రమ్స్ ఒక్క క్షణం ఆగుతాయి” లాంటిది. రేడియో దాకా వెళ్లాక మీకు స్క్రిప్టు దీంట్లోంచే వస్తుంది.

6. ఫైళ్లుగా మార్చుకోవడం

రేడియోకు ప్లేటు మోసుకుపోవద్దు. ఇంట్లోనే కంప్యూటర్లో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌తో రికార్డు చేసుకోండి, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలు. పెద్ద శబ్దం మైనస్ 6 డీబీ దాటకుండా స్థాయి పెట్టండి. ఒక వైపు మొత్తం ఆపకుండా ఎక్కించి, ఆ అసలు ఫైలును ముట్టుకోకుండా దాచి, కాపీ మీదే పనిచేయండి. 78 అయితే రెండు చానెళ్లనూ కలిపి మోనో చేయండి, గరగర కొంత అక్కడే తగ్గుతుంది.

నాయిస్ తగ్గించే మీటను గట్టిగా తిప్పితే సింబల్ నీళ్లలో మునిగి మోగినట్టు వినిపిస్తుంది. ఆ చప్పుడు వచ్చిందంటే వెనక్కి రండి. కొంత చిటపట ఉన్నా వినేవాళ్లు ఓర్చుకుంటారు.

7. రేడియో దారులు

సొంతంగా చిన్న ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ కొని మిద్దె మీద పెడదామని ఇద్దరు కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చారు. లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరం, వద్దు. సరైన దారులు మూడున్నాయి.

7.1 ఆకాశవాణి: కడప, అనంతపురం, కర్నూలు మూడింటిలోనూ కేంద్రాలున్నాయి. ఒక పేజీ ప్రతిపాదన, ఐదు నిమిషాల నమూనా రికార్డింగు పట్టుకుని కార్యక్రమాల విభాగంలో కలవండి. “జాజ్ మీద ప్రోగ్రాం” అని పొడిగా రాయకండి. “కర్ణాటక సంగీతం వినేవాళ్లకు జాజ్ తాళం పరిచయం, అరగంట చొప్పున నాలుగు భాగాలు” అని రాయండి.

7.2 కమ్యూనిటీ రేడియో: ఈ లైసెన్సు వ్యక్తులకు ఇవ్వరు. విద్యాసంస్థలకు, 2006 విధానం తర్వాత కనీసం మూడేళ్లుగా నమోదై ఉన్న లాభాపేక్ష లేని సంస్థలకు కూడా ఇస్తారు. ప్రసార శక్తి సాధారణంగా 100 వాట్ల వరకే. ఇప్పటికే ఉన్న స్టేషనుకు వారానికో అరగంట తయారుచేసి ఇవ్వడం మీకు కుదిరే పని.

7.3 ఇంటర్నెట్: అన్నిటికన్నా సులువుగా కనిపిస్తుంది, హక్కుల చిక్కు ఎక్కువ ఉన్నదీ ఇక్కడే.

మన చట్టంలో రికార్డింగు మీద హక్కు విడుదలైన తర్వాతి ఏడాది మొదలు 60 ఏళ్లు. 1959లో విడుదలైన రికార్డింగుకు అది 2019తో ముగిసింది. బాణీ మీద హక్కు వేరు, స్వరకర్త చనిపోయాక 60 ఏళ్లు. ‘టేక్ ఫైవ్’ బాణీ కట్టిన పాల్ డెస్మండ్ 1977లో చనిపోయారు, ఆ హక్కు 2037 చివరిదాకా ఉంటుంది. రేడియో స్టేషన్లకు రుసుము కట్టి వాడుకునే చట్టబద్ధ లైసెన్సు దారి ఉంది. ఇంటర్నెట్ స్ట్రీమింగ్‌కు అది వర్తించదని 2019లో బొంబాయి హైకోర్టు చెప్పింది. అందుకే మొదటి అడుగు స్టేషను ద్వారా వేయమంటాను. ఇంటర్నెట్లో పెట్టేటట్టయితే సంగీతం లైసెన్సులు తానే చూసుకునే వేదికనే ఎంచుకోండి, విదేశాల్లో గడువులు వేరుగా ఉంటాయని గుర్తుంచుకోండి.

8. అరగంట కార్యక్రమం కట్టడం

అరగంటలో మీ చేతికి వచ్చేది 28 నిమిషాలనుకోండి. 78 పాట దాదాపు మూడు నిమిషాలు, ఏడు పాటలకు 21, మాటకు 7. ఎల్‌పీ పాటలైతే లెక్క మారుతుంది: ‘సో వాట్’ తొమ్మిది నిమిషాలు దాటుతుంది, ‘టేక్ ఫైవ్’ ఐదున్నర, ‘ఫ్రెడీ ఫ్రీలోడర్’ పది దగ్గర. మూడింటికే అరగంట నిండుతుంది, మాటకు మూడు నిమిషాలు మిగిలితే గొప్ప. సోలో మధ్యలో పాట కోయడం కన్నా ఒక పాట తగ్గించుకోండి.

మాట్లాడటం ఎలాగో తెలియాలంటే విల్లిస్ కోనోవర్‌ను వినండి. వాయిస్ ఆఫ్ అమెరికా షార్ట్‌వేవ్‌లో 1955 నుంచి దశాబ్దాల పాటు జాజ్ వినిపించాడు. వినేవాళ్లలో చాలామందికి ఇంగ్లీషు మాతృభాష కాదని తెలిసి, తక్కువ మాటలతో, నెమ్మదిగా, ఒక్కో పేరూ విడివిడిగా పలికేవాడు. మన శ్రోతలకు తెలోనియస్ మంక్, బిక్స్ బైడర్‌బెక్ లాంటి పేర్లు పూర్తిగా కొత్త. పాటకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చెప్పండి.

ప్రతి పాటకు ముందు వినాల్సిన విషయం ఒక్కటే చెప్పండి. “మూడో భాగంలో శ్రుతి అరమెట్టు ఎక్కుతుంది, పట్టుకోండి” అంటే చాలు. జీవిత చరిత్ర చదివితే శ్రోత లేచి వెళ్లిపోతాడు.

ప్రసారానికి ఇచ్చే ముందు:

☐ పాటల నిడివి, మాట నిడివి కూడి చూశారా? పది సెకన్లు మిగలాలి, మించకూడదు.
☐ మాట, పాట ఒకే ఎత్తులో వినిపిస్తున్నాయా? చిన్న ట్రాన్సిస్టర్లాంటి స్పీకర్లో పెట్టి పక్క గదిలోంచి వినండి.
☐ ఫ్యాను ఆపి రికార్డు చేశారా? మన ఎండలకు కష్టమే, అందుకే తెల్లవారుజామున ఐదింటికి చేయండి, అప్పుడు వీధి కూడా సద్దుమణిగి ఉంటుంది.
☐ వాయించినవాళ్ల పేర్లు నోటుబుక్కుతో సరిచూశారా?
☐ ఏ పాట, ఎవరిది, ఏ లేబుల్, ఎన్ని నిమిషాలు అన్న జాబితా స్టేషనుకు ఇచ్చారా? రుసుము లెక్కకు వాళ్లకు అది కావాలి.
☐ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఫోన్లో ఒకటి పెట్టుకున్నారా? స్టూడియోలో మొదటి పెన్‌డ్రైవ్ తెరుచుకోని రోజు ఒకటి వస్తుంది, నాకు రెండో భాగం రోజునే వచ్చింది.